వాని లగ్గం కానియ్య

గుండ్లపాడు,
ఆదివారం.

అక్షిత నాయినకు స్వరూప రాసేది.

ఈడ నేను, అత్తమ్మ బాగనే ఉన్నం. నువ్వు కూడ ఆడ టైముకు తింటున్నవని, సెంట్రింగ్ కర్రల మీదికెక్కేటప్పుడు కింద చూసుకొని ఎక్కుతున్నవని అనుకుంటున్న. నీ ఉత్తరం వచ్చి శానా రోజులైంది. జవాబు రాయలేదని మనసుల ఏం పెట్టుకోకు. ఫోన్ చేస్తే నువ్వు హలో అంటవు, నేను హలో అంట, అటెన్క ఇద్దరం ఊకుంటం. అందుకే కాయిదం మీదనే మాట్లాడుకుందం అన్నవు. అది మంచిదే అయింది. కానీ ఈసారి కాయిదం ముందట కూసుంటే కూడ నా చెయ్యి ఆడలే.

ముందుగాల నువ్వు అడిగినయి చెప్త. అత్తమ్మ బీపీ గోలీలు ఏసుకుంటున్నది. ఒక్కోనాడు మర్చిపోయినట్టు చేస్తది, నేను గట్టిగ అంటే మింగుతది. వెనక అర్ర రేకులు కారుడు ఆగింది, గాలయ్య చిన్నాయన పైకెక్కి డాంబర్ పూసిండు. నల్లా నీళ్లు పొద్దుగాల మంచిగనే వస్తున్నయి. మా గోలీల కంపెనీల నన్ను ప్యాకింగ్ నుంచి లేబుళ్లు అంటించే కాడికి మార్చిన్రు. కూసోని చేసే పని, నడుము నొప్పి జర నయమైంది. పిల్ల బట్టలు ఎవరికన్న ఇచ్చినవా అని అడిగినవు. ఇయ్యలే. ఇయ్య. ఇంకోసారి అడగకు.

ఇగ గాలయ్య చిన్నాయన నీకు ఫోన్ చేసి చెప్పిన ముచ్చట. నీ పెండ్లాం ఊర్లు పట్టుకొని తిరిగి మంది లగ్గాలు చెడగొడుతున్నది, నలుగురు నవ్వుతున్నరు అన్నడట. నిజమేనా అని రాసినవు. నిజమే. కాకుంటే మంది లగ్గాలు కాదు, ఒక్కని లగ్గమే. వాని లగ్గం కానియ్య అని నేను ఒట్టు పెట్టుకున్న. చాలించు స్వరూపా, పోయిన పిల్ల తిరిగి రాదు అని రాసినవు. రాదని నాకు ఎరుక లేదా? వచ్చేదుంటే నేను గుళ్ల చుట్టు తిరుగుదును. వాని సంబంధాల ఎంబడి ఎందుకు తిరుగుత?

నువ్వు పూనె పోయినంక ఏం జరిగిందో నీకు ఎవరు సక్కగ చెప్పలే. మొదట్నుంచి రాస్త. నీకు తెలిసింది కూడ రాస్త, అది ఇడిచిపెట్టి రాయనీకి నాకు రాదు.

ఆ పొద్దు పిల్ల ట్యూషన్‌కని సైకిలేసుకొని పోయింది. బడి అవతలి మలుపు కాడ తెల్ల కారు గుద్దింది. ఛాయ్ హోటల్ లింగస్వామి లోపల పొయ్యి ముట్టిస్తున్నోడు బయటికి వచ్చేసరికి కారు పోతున్నది. నడుపుతున్నోడు రైస్ మిల్లు రఘుపతి కొడుకు గోపాల్ అని ఆయననే మనకు చెప్పిండు. నీ చెయ్యి పట్టుకొని చెప్పిండు. తెల్లారి టేషన్ల మాత్రం నాకేం కనపడలే అన్నడు. వాళ్లింట్ల డ్రైవర్ జీతమున్న పర్వతాలు వచ్చి, బండి నేనే నడిపిన అని నిలబడ్డడు. కేసు ఆయన మీద అయింది. గోపాల్ పేరు ఏడ లేదు.

నువ్వు ఆ తొవ్వల నడవలేకపోయినవు. పూనె పోత అన్నవు. నేను తప్పు పట్టలే. నీకు దూరం పోతే తగ్గుతదనిపించింది. నాకేమో వాన్ని రోజు చూస్తనే బతకబుద్దయితదనిపించింది. పిల్ల దినాలు కాకముందే వాడు కారుకు కొత్త అద్దం ఏయించుకొని అదే తొవ్వల వచ్చిండు. నేను బిందె పట్టుకొని అడ్డమున్న. వాడు హారన్ కొట్టిండు, జరగమని. నేను జరిగిన. జరిగినందుకు ఇప్పటిదాక నా ఒళ్లు మండుతది.

వాన్ని చంపాలనుకున్న. నీకు అబద్ధం ఎందుకు రాయాలె? ఎట్ల, ఏడ అని కూడ ఆలోచన చేసిన. కానీ చంపితే వానికి ఒక్క గడియల అయిపోతది. వాడు బతికే ఉండాలె. ఏ ఇంటికి పోయినా ఆ ఇంటి దర్వాజ మూసుకోవాలె. వాని తల్లి వాని మొఖం చూసి ఏడ్వాలె. అదీ నేను కోరుకున్నది.

తొవ్వ చూపించింది ఎవరో తెలుసా? పర్వతాలు పెండ్లాం సోమమ్మ. ఆమె మా కంపెనీలనే ఊడ్చే పనిల ఉన్నది. నన్ను చూస్తే తల దించుకొని పక్కకు పోయేది. ఒకనాడు పగటీలి తిండి కాడ వచ్చి నా ఎదురుంగ కూసున్నది. టిఫిన్ మూత తీసి మల్ల పెట్టేసింది. ఆ పొద్దు నా మొగడు ఇంట్లనే పండుకొని ఉండె అక్కా, ఫోన్ చేసి పిలిపించిన్రు, వాళ్ల ఉప్పు తింటున్నడు, కాదనలేకపోయిండు అని చెప్పింది. ఆమె ఇంక లేవలే. గోపాల్‌కు మిర్యాలగూడల పిల్లను చూసిన్రు, మా ఆయననే బండి తోలుకపోయిండు అని ఆ ఇంటి గుర్తులు కూడ చెప్పింది. ఎందుకు చెప్తున్నదో ఆమె అనలే, నేను అడగలే.

మిర్యాలగూడకు నేను, అత్తమ్మ ఇద్దరం పోయినం. పెద్ద ఇల్లు. మేం పిల్లగాని దిక్కు చుట్టాలమనుకొని కుర్సీలేసి మంచినీళ్లిచ్చిన్రు. నేను తాగలే. మన పిల్ల ఫోటో తీసి వాళ్ల ముందట పెట్టి, ఈ పిల్లను బండితోని గుద్ది, కేసు జీతగాని మీద ఏసినోనికి మీ పిల్లనిస్తున్నరు, ఇచ్చేది ఇయ్యనిది మీ ఇష్టం అన్న. అంతే. నేను ఏడ్వలే, ఒర్రలే. అత్తమ్మ మాత్రం వాకిట్లకు పోయి గుప్పెడు దుమ్ము ఎత్తి, ఇది మీ మీద పోయ, వాని మీద పోస్త అని కొంగుల కట్టుకున్నది. ఆ ఇంటి ముసలామె, తల్లి ఉసురున్న ఇంటికి నా మనుమరాలిని పంప అని ఆడనే అన్నది. మర్నాటికే సంబంధం తప్పిపోయిందని సోమమ్మ చెప్పింది.

మల్లొచ్చేటప్పుడు బస్టాండ్ల అత్తమ్మ మిర్చిబజ్జీ కావాలన్నది. పిల్ల పోయినంక ఆమె నోరు తెరిచి ఏదన్న అడిగింది అదే మొదలు. నేను కూడ తిన్న. మస్తు రుచిగుండె. పాపమనిపించలే.

సోమమ్మ చెప్పిన రెండో సంబంధం అచ్చంపేట దిక్కు. ఒక్కదాన్నే పోయిన. పిల్ల తండ్రి నా మాట మొత్తం విని, చేతులు జోడించి, నన్ను ఆటో ఎక్కించి పంపిండు. అది కూడ తప్పింది. ఇగ రఘుపతి ఊకుంటడా? మనిషిని పంపి, ఒంటరి ఆడదానివి, చూసుకో అని చెప్పించిండు. ఒంటరిదాన్ని ఎవరు చేసిన్రో ఆయననే అడుగు అని పంపిన. ఆ వారం అంగట్ల గోపాల్ తల్లి కనపడ్డది. మనిషి సగమైపోయింది, కండ్ల కింద నలుపు. నన్ను చూసి తల తిప్పుకున్నది. నేను ఆమె మొఖం చూసుకుంట నిమ్మలంగ వంకాయలు ఏరుకున్న. ఆ మాపు కడుపునిండ తిన్న. నన్ను ఏమన్న అనుకో. నాకిప్పుడు మంచిదాన్ననిపించుకోవాలని లేదు.

మూడోది దేవరకొండ. పిల్ల పేరు శ్రీవాణి, బీఈడీ చదివింది. తండ్రి లేడు, తల్లి కౌసల్య అంగన్‌వాడీ టీచర్. ఈసారి రఘుపతి ముందే జాగ్రత్త పడ్డడు. ఒక పిచ్చామె వస్తది, నమ్మకండి అని చెప్పి పెట్టిండు. నేను గేటు కాడ పేరు చెప్పంగనే కౌసల్య, మాకంత తెలుసు, డ్రైవర్ చేసిన తప్పుకు పిల్లగాన్ని ఎందుకు బద్నాం చేస్తవు, పో అన్నది. ఫోటో చూడనీకి కూడ ఒప్పుకోలే. గేటు ఏసేసింది. నేను ఎండల జరసేపు నిలబడి బస్టాండుకు మర్లిన. ఇగ లగ్గం రోజే పోయి మండపంల కూసుంట అనుకున్న.

బస్సు కోసం కూసుంటే ఒక పోరి స్కూటీ ఆపి నా కాడికి వచ్చింది. నేనే శ్రీవాణి అన్నది. పక్కన కూసున్నది. ఫోటో అడిగి తీసుకొని శానాసేపు చూసింది. ఏ క్లాసు అని అడిగింది. ఏడు అన్న. అటెన్క ఆమె అడిగిన మాట, పిల్ల పోయినప్పటి నుంచి నన్ను ఎవరు అడగలే.

"నీకేం కావాలె?" అన్నది.

పైసలిస్తం, కేసు ఇడిచిపెట్టు అని రాజీకొచ్చినోళ్లు అడగలే. టేషన్ల అడగలే. నువ్వు కూడ అడగలే. వాని నాశనం కావాలె అని చెప్దమనుకున్న, నోట్లకెళ్లి వేరే మాట వచ్చింది.

"బండి నడిపింది నేనే అని వాని నోటితోని వాడు అనాలె. నా ముందట అనాలె, టేషన్ల అనాలె."

"నేను అడుగుత" అన్నది. అని పోయింది. నేను నమ్మలే.

పోయిన నెల ఒక ఆదివారం పొద్దెక్కినంక గోపాల్ మనింటికొచ్చిండు. కారు సందు మొదట్ల ఆపించి, పర్వతాలును అందులనే ఉండమని, తానొక్కడే నడుచుకుంట వచ్చిండు. అత్తమ్మ గడప మీద కూసోని బియ్యం ఏరుతున్నది. వాన్ని చూసి చాట పక్కకు పెట్టింది. లేవలే, తొవ్వియ్యలే. వాడు ఆమెను దాటుకొని లోపలికి వచ్చి కింద కూసున్నడు. నేను కుర్సీ ఎయ్యలే.

మనం కట్టెలు కొట్టే గొడ్డలి దర్వాజ వెనకాలనే ఉంటది కదా. నా కండ్లు అటు పోయినయి. అత్తమ్మ అది చూసింది. లేచి వచ్చి గొడ్డలి తీసింది. బయట పెడ్తదేమో అనుకున్న. తెచ్చి నా పక్కల పెట్టి, మల్ల పోయి గడప మీద కూసున్నది. వాడు గొడ్డలిని చూసిండు. లేచి పోతడనుకున్న, పోలే.

"అక్కా, ఆ పొద్దు బండి నడిపింది నేనే" అన్నడు.

అక్కా అనకు అన్న. సరే అని తల ఊపిండు. శ్రీవాణి చెప్పమన్నది, చెప్పకుంటే చేసుకోనన్నది, అందుకే వచ్చిన, కానీ అందుకొక్కదానికే కాదు అన్నడు. ఆ దినం నుంచి వాడు స్టీరింగ్ పట్టుకోలేదట. మరి నాకు హారన్ కొట్టిందెవరురా అన్న. నేనే, అదే ఆఖరు, నిన్ను గుర్తుపట్టినంక ఇంటికి పోయి తాళంచెవి పారేసిన అన్నడు. నిజమో అబద్ధమో నాకు అక్కర లేదు. నేను వాన్ని ఒకటే అడిగిన. మనిషిని గుద్ది ఆపకుంట పోనీకి నీకు కాళ్లెట్ల ఆడినయి అన్న. వాడు చెప్పిండు. ఏం చెప్పిండో చివరికి రాస్త. నాకు జర టైమియ్యి.

అది విన్నంక నా చెయ్యి గొడ్డలి మీదికి పోయింది. పట్టుకున్న కూడ. వాడు తల వంచిండు. వంచిన మెడ చూస్తే నాకు ఏమనిపించిందో తెలుసా? ఇది కూడ వానికి సులువు చేసుడే అనిపించింది. గొడ్డలి ఇడిచిపెట్టి వాని మణికట్టు పట్టుకున్న.

"నడువు" అన్న.

రేపు వస్త, మా నాయినకు చెప్పి వస్త అన్నడు. నేను ఇడవలే. ఇంట్లకెళ్లి బయటికి గుంజిన. ఆదివారం అంగడి. మంది ఎట్లున్నరో నీకు తెలుసు. ఆ మంది నడుమ నుంచి దొంగను పట్టుకపోయినట్టు పట్టుకపోయిన. నా ఎనక అత్తమ్మ, ఆమె ఎనక కూరగాయలోళ్లు, అటెన్క ఊరంత. వాడు గుంజుకోలే. గుంజుకుంటే బాగుండు, అందరి ముందట కొడుదును అనిపించింది. ఛాయ్ హోటల్ కాడ లింగస్వామి గ్లాసులు కడుగుతున్నోడు నన్ను చూసి నిలబడ్డడు. నేను ఆయన దిక్కు చూడలే.

టేషన్ల ఎస్సై ముందు రఘుపతికే ఫోన్ చేసిండు. ఆయన ఉరికి వచ్చి, నా కొడుక్కు మతి సక్కగ లేదు, లగ్గం ఫికర్ల ఏదో మాట్లాడుతున్నడు అని ఒర్రిండు. కొడుకును లేపబోయిండు. గోపాల్ లేవలే. గప్పుడు ఎనకకెళ్లి పర్వతాలు ముందుకొచ్చిండు. మేం సందు దాటినప్పుడే కారు ఆడ ఇడిచిపెట్టి మా ఎంబడి వచ్చిండట. రఘుపతి ఆయన దిక్కు చూసిన చూపు నేను మర్చిపోను. ఇన్నేండ్లు ఆ చూపుకే భయపడ్డడు పాపం.

"సార్, ఆ పొద్దు బండి నేను నడపలే" అన్నడు.

అంతమంది ముందట ఇద్దరు చెప్పినంక రాసుకోక తప్పలే. లింగస్వామి కూడ మాపటికి వచ్చి చెప్పి పోయిండట, ఎవరు పిలవకుంటనే. ఇప్పుడు కేసు గోపాల్ మీద ఉన్నది. కొన్నొద్దులు లోపల ఉండి బెయిల్ మీద బయటికి వచ్చిండు. పర్వతాలును జీతంలకెళ్లి తీసేసిన్రు, ఆయన జడ్చర్లల ట్రాక్టర్ తోలుతున్నడు. అబద్ధమాడినందుకు ఆయనకు కూడ కోర్టు తప్పదట. సోమమ్మ ఇప్పుడు నా పక్కలనే కూసోని తింటది.

లగ్గం కాలే. శ్రీవాణి ఫోన్ చేసి చెప్పింది. నువ్వు చెప్తే చేసుకుంట అని నేను వానికి అనలే అక్కా, చెప్పకుంటే చేసుకోను అని మాత్రమే అన్న అన్నది. గట్టి పిల్ల. మన పిల్ల పెద్దదయితే అట్లనే ఉంటుండె.

ఇగ నీ మనసు నిమ్మలమైందా అని అడుగుతవు. కాలే. అయితదనుకున్న, కాలే. నాలుగో సంబంధం వస్తే పోతవా అని కూడ అడుగుతవు. పోత. వాడు శిక్ష అనుభవించి వచ్చినంక వచ్చిన సంబంధానికి కూడ పోత. నిజం చెప్పిండని మంది వాన్ని ఇప్పుడు మెచ్చుకుంటున్నరు, మంచి పిల్లగాడే పాపం అంటున్నరు. ఆ మాట వింటే నాకు మొదటికంటే ఎక్కువ మండుతది. చెప్పాల్సినప్పుడు చెప్పనోడు ఇప్పుడు చెప్తే మంచోడెట్లయితడు?

ఎందుకు మండుతదో నీకు తెల్వాలంటే వాడు ఇంట్ల చెప్పింది రాయాలె. నెల నుంచి దాచిపెట్టిన. అత్తమ్మ విన్నది, నేను విన్న. నీ కొడుక్కు చెప్పకు అని నేనే ఆమెకు చెప్పిన. రెండు కారణాలు. ఒకటి, ఇది విన్నంక నువ్వు ఆ ఎత్తుల మీద నిలబడగలవా అని భయం. రెండోది రాయనీకి సిగ్గయితున్నది, అయినా రాస్త.

దెబ్బ తగిలినప్పుడే పాణం పోయింది, పిల్లకు నొప్పి తెల్వలే అని అందరు అన్నరు కదా. మనం కూడ నమ్మినం. అది నిజం కాదు. వాడు ఆపిండు. దిగిండు. పిల్ల పక్కకు ఒరిగి పడి ఉన్నది, కండ్లు తెరిచే ఉన్నయట. వాన్ని చూసింది. చూసి మాట్లాడింది.

"అన్నా, మా నాయినను పిలువు. ఆ బిల్డింగ్ మీదనే ఉన్నడు. వచ్చి ఎత్తుకపోతడు" అన్నది.

నువ్వు అప్పుడు బడి ఎనక కడుతున్న బిల్డింగ్ మీదనే పనిల ఉన్నవు. ఆ మలుపు కాడ నిలబడితే ఆ పిల్లర్లు కనపడతయి. వానికి కూడ కనపడ్డయట. పిల్ల చెయ్యి ఎత్తి చూపించబోయింది, చెయ్యి లేవలే అన్నడు. వాడు "పిలుస్త" అన్నడు. పిలుస్త అని చెప్పి కారెక్కి పోయిండు. ఆమె వాని మాట నమ్మి నువ్వు వస్తవని చూసుకుంట ఉన్నది. లింగస్వామి దగ్గరికి వచ్చేసరికి కండ్లు మూసుకున్నది.

నువ్వు ఆ గడియల పైననే ఉన్నవని, కింద ఏం జరిగిందో తెల్వలేదని ఎన్నిసార్లు తల కొట్టుకున్నవో నేను చూసిన. వాడు ఒక్క కేక ఏస్తే నువ్వు దుంకి వచ్చేటోనివి. నీ తప్పు ఏం లేదు. నీకు ఆ కేక అందలే. అందకుండ చేసింది వాడు.

ఇగ రెండో కారణం. ఏ పిల్లకు దెబ్బ తగిలినా అమ్మా అంటది. మన పిల్ల అమ్మా అనలే. తొమ్మిది నెలలు మోసింది నేను, ఆ పొద్దు జడలేసి పంపింది నేను, ఆమె అడిగింది నిన్ను. అది విన్నప్పుడు వాని మీద ఎంత కోపమొచ్చిందో, నీ మీద అంత కుళ్లు వచ్చింది. అందుకే ఇన్నొద్దులు రాయలే. ఆ మాట నా దగ్గర ఉంచుకుంటే నన్నే పిలిచినట్టు అనుకోవచ్చనిపించింది. ఒకటి రెండు రోజులు అట్లనే అనుకున్న కూడ. కానీ అట్ల దాచుకుంటే నాకు, వానికి ఫరక్ ఏమున్నది? నీ పిలుపును వాడు దాచిండు, ఇప్పుడు నేను దాస్తున్న. వాని లెక్క నేను కావద్దు.

కోర్టుల వాడు ఈ మాట మల్ల చెప్పాలె. వచ్చే నెల వాయిదా ఉన్నది. జడ్జి ముందట, వాని తండ్రి ముందట, వాని తల్లి ముందట చెప్పాలె. అప్పుడు వాని ఎదురుంగ నువ్వు నిలబడి ఉండాలె. వాడు నీ మొఖం చూసి చెప్పాలె. నేను కోరేది ఇగ అదొక్కటే.

కోర్టు కోసం కాకపోయినా రా. మేస్త్రికి చెప్పి, పని ఆడ ఇడిచిపెట్టి, ఈ ఉత్తరం అందంగనే రా. బిడ్డ నిన్ను పిలిచింది. ఆలస్యమైంది కానీ, పిలుపు ఇప్పుడు నీకు అందింది.

ఇట్లు,
అక్షిత అమ్మ